శస్త్రానికి రంగెందుకు?

శస్త్రచికిత్స పరికరం ఎలా ఉండాలో చెప్పిన మన ప్రాచీనుల్లో దాని రంగును కూడా పట్టించుకున్నవాడు వాగ్భటుడు. సుమారు 7వ శతాబ్దం నాటి ‘అష్టాంగ హృదయం’ సూత్రస్థానంలో ఆయన 26 శస్త్రాలను లెక్కగట్టాడు. నేర్పరి అయిన కమ్మరి చేత చేయించాలన్నాడు, వెంట్రుకను తెంచేంత పదునుండాలన్నాడు, చేతికి చక్కగా అమరాలన్నాడు. ఆ వరుసలోనే అవి నల్లకలువ ఛాయలో ఉండాలని కూడా చేర్చాడు. దీన్ని కవితా వర్ణనగా కొట్టిపారేయడం తగదు. బాగా కాచి, మలిచి, మెరుగుపెట్టిన ఉక్కుకు ఒక నీలి నిగారింపు ఉంటుంది. నాసిరకం ఇనుముకు అది రాదు. కాబట్టి ఈ లోహాన్ని నమ్మవచ్చో లేదో శస్త్రం రంగే వైద్యుడికి ఆనాడు చెప్పేది. నేటి ఆపరేషన్ థియేటర్ ట్రేలో బంగారు రంగు పిడి ఉన్న కత్తెరలు, నల్లపూత వేసిన ఫోర్సెప్స్, నీలంగా మెరిసే టైటానియం పరికరాలు కనిపిస్తాయి. కార్పొరేట్ ఆసుపత్రుల హంగుల్లో ఇదొకటని, కంపెనీలు ధర పెంచుకోవడానికి వేసిన ఎత్తని అనుకునేవాళ్లు చాలామంది. పరికరాల చరిత్ర తెలిస్తే ఆ మాట నిలవదు. సూక్ష్మజీవుల్ని జయించడం కోసం శస్త్రచికిత్స తనను తాను మార్చుకున్నప్పుడు రెండు కొత్త చిక్కులు వచ్చిపడ్డాయి: కళ్లు చెదిరే మెరుపు, ఒకదాన్నొకటి పోలిన ఉక్కు ముక్కల గుంపు. రంగు ఈ రెండింటికీ జవాబుగా వచ్చింది. అయితే వచ్చిన ప్రతి రంగూ నిలవలేదు. ఆవిరి మంటకు తట్టుకున్నది, లోహం ఒంటిని వదలనిది మాత్రమే నిలిచింది.

రంగుకు ముందు పరికరాన్ని గుర్తుపట్టడానికి ఆకారమే ఆధారం. సుశ్రుతుడు 101 యంత్రాలను, 20 శస్త్రాలను చెప్పాడు. పట్టుకునే యంత్రాల్లో ఒక వర్గానికి సింహముఖం, కాకముఖం, కంకముఖం అంటూ జంతువుల, పక్షుల మూతులను బట్టి పేర్లు పెట్టాడు. పేరు వినగానే రూపం కళ్లముందు నిలిచేది. శిష్యుడు తప్పు పరికరం అందించే అవకాశం తగ్గేది. కమ్మరికి మాత్రం రంగే కొలమానం. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచిన ఉక్కు గాజులా పెళుసవుతుంది. దాన్ని మళ్లీ మెల్లగా వేడిచేస్తుంటే పైపొర మీద రంగులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి: సుమారు 220, 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత ఎండుగడ్డి రంగు, ఆపైన గోధుమ, ఊదా, 300 డిగ్రీల సమీపంలో నీలం. ఏ రంగు దగ్గర ఆపితే కత్తి గట్టిగా ఉంటుందో, ఏ రంగు దగ్గర ఆపితే వంగి మళ్లీ నిలిచే స్ప్రింగ్ అవుతుందో కమ్మరి కంటికి తెలుసు. థర్మామీటర్ లేని కాలంలో శస్త్రం నాణ్యత మొత్తం ఆ రంగును చదవడంలోనే ఉండేది.

ఈ విద్యలో తెలుగు నేలకు నేరుగా భాగం ఉంది. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చి మకాం వేసేవారు; 19వ శతాబ్దం తొలినాళ్లలో అక్కడికి వెళ్లిన హెచ్. డబ్ల్యూ. వోయిసీ ఆ పనితీరును వివరంగా నమోదు చేశాడు. సామర్లకోట తోటలో ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడిగా పనిచేసిన బెంజమిన్ హైన్ నూజివీడు ప్రాంతంలోని రమణక్కపేట ఇనుప కొలుముల గురించి 1814లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. ప్రపంచం ‘వూట్జ్’ అని పిలిచిన ఈ దక్షిణ భారత ఉక్కును లండన్‌లో ఇష్టంగా వాడినవాడు జేమ్స్ స్టోడార్ట్. ఆయన వృత్తి శస్త్రచికిత్స పరికరాలు, సన్నని కత్తులు చేయడం. 1795లో జార్జ్ పియర్సన్ వూట్జ్‌పై రాయల్ సొసైటీకి సమర్పించిన పరిశోధనకు ఈ ఉక్కుతో కత్తి చేసి పరీక్షించింది స్టోడార్టే. యూరప్ ఉక్కుకంటే ఇదే మేలని ఆయన తన దుకాణం ప్రకటన కార్డు మీదే అచ్చువేయించుకున్నాడు. 1820, 1822ల్లో మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాలపై పత్రాలు ప్రచురించాడు. ఆ కాలపు పనివాళ్లు కాచేటప్పుడు రంగును ఎంత జాగ్రత్తగా చూసినా, తుదిమెరుగులో దాన్ని గీకేసి తెల్లని ఉక్కును బయటికి తెచ్చేవారు. తయారీకి దారి చూపిన రంగు అమ్మకానికి వచ్చేసరికి మాయమయ్యేది.

అమ్మకానికి వచ్చిన పరికరం మీద మరో రకం రంగు ఉండేది, అది పిడిది. 18, 19వ శతాబ్దాల్లో యూరప్, అమెరికా శస్త్రవైద్యుల పెట్టెలు చూస్తే నల్లని ఎబొనీ కర్ర పిడులు, తెల్లని ఏనుగు దంతపు పిడులు, తాబేటి చిప్ప తొడుగులు, లోపల మఖ్మల్ పరచిన మహోగనీ పెట్టెలు కనిపిస్తాయి. పిడి మీద గళ్లగళ్లుగా చెక్కేవారు. రక్తంతో తడిసిన చేతిలోంచి జారకుండా అది ఉపయోగపడేది. మిగిలిందంతా హోదా. ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్లు జలదరించే విషయమేమంటే, ఆ చెక్కడపు గళ్లలోనూ ఆ మఖ్మల్ పోగుల్లోనూ చేరిన మురికి ఒక రోగి నుంచి మరో రోగికి ప్రయాణించేది. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను కుళ్లకుండా కాపాడిన తన అనుభవాన్ని ‘లాన్సెట్’లో ప్రచురించాడు. 1879లో చాంబర్లాండ్ ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్ రూపొందించాడు. బెర్లిన్‌లో ఎర్నస్ట్ ఫాన్ బెర్గ్‌మాన్ దగ్గర పనిచేసిన కర్ట్ షిమ్మెల్‌బుష్, లోహపు పరికరాలను 1 శాతం సోడా ద్రావణంలో 5 నిమిషాలు మరిగించాలన్న పద్ధతిని స్థిరపరిచాడు. ఈ మరుగునీటికి దంతం పగిలింది, ఎబొనీ చీలింది, జిగురు ఊడింది. 1890ల నాటికి పిడి, అలుగు కలిసి ఒకే లోహంతో చేసిన పరికరాలు రాజ్యమేలాయి. జర్మనీలోని టుట్లింగెన్‌లో గాట్‌ఫ్రీడ్ యెట్టర్ 1867లో తెరిచిన చిన్న పనిశాల ఈ మార్పులో పెరిగి పెద్దదై, ఆ ఊరినే శస్త్రపరికరాల రాజధానిగా మార్చింది. ఆపరేషన్ గది నుంచి రంగును వెళ్లగొట్టింది సౌందర్య దృష్టిలోని మార్పు కాదు, మరిగే నీళ్లు. ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి. ఎందుకంటే తర్వాత తిరిగొచ్చిన ప్రతి రంగూ ఈ పరీక్షే రాయాల్సి వచ్చింది.

మొదట రాసి తప్పినది నికెల్ పూత. కార్బన్ ఉక్కును మరిగిస్తే తుప్పు పడుతుంది కాబట్టి దాని మీద నికెల్ ఎక్కించారు. చూడటానికి వెండిలా ఉండేది. కొన్నాళ్లకు కీలు దగ్గర, పళ్ల దగ్గర, రాపిడి ఎక్కువైన చోటల్లా పొర లేచి, కిందినుంచి తుప్పు తొంగిచూసేది. లేచిన పొర రేకులు గాయంలో పడే ప్రమాదం ఉండేది. అంచు మీద నికెల్ ఉంటే పదును పెట్టినప్పుడల్లా అది పోయేది. పూత వేసిన పరికరాలను ఈనాటికీ అనుమానంగా చూసే పాత సర్జన్ల సంశయానికి మూలం ఇక్కడుంది. ఆ సంశయం న్యాయమైనదే. దానికి జవాబు 1913 ఆగస్టులో షెఫీల్డ్‌లో దొరికింది. తుపాకీ గొట్టాలు అరిగిపోకుండా చూసే ఉక్కు కోసం వెతుకుతున్న హ్యారీ బ్రియర్లీ 12.8 శాతం క్రోమియం కలిపిన ఉక్కును పోతపోశాడు. అది ఆమ్లాలకు లొంగలేదు. దాదాపు అదే కాలంలో జర్మనీలోని క్రుప్ కంపెనీలో స్ట్రౌస్, మౌరర్ క్రోమియంతో పాటు నికెల్ కూడా కలిపి మరో రకం తుప్పుపట్టని ఉక్కును సాధించారు. ఈ లోహాల రహస్యం పైపొరలో ఉంది. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కొన్ని నానోమీటర్ల మందం ఉన్న కవచాన్ని తనంతట తానే అల్లుకుంటుంది. గీత పడితే మళ్లీ అల్లుకుంటుంది. మనిషి పూసింది రాలుతుంది, లోహం తనలోంచి పుట్టించుకున్నది నిలుస్తుందన్న పాఠాన్ని పరికరాల తయారీదారులు నేర్చుకున్నది ఇక్కడే అని నా అభిప్రాయం. రంగుల కథలో ఆ పాఠం మళ్లీ అక్కరకొచ్చింది.

పరికరం ఇలా మెరుస్తుండగా దాని చుట్టూ గది కూడా తెల్లబడింది. ఈ మార్పును ఒక చూపులో చూడాలంటే ఫిలడెల్ఫియా చిత్రకారుడు థామస్ ఈకిన్స్ వేసిన రెండు పెద్ద బొమ్మలు చాలు. 1875 నాటి ‘గ్రాస్ క్లినిక్’లో సర్జన్లు వీధిలో తొడిగే నల్లకోట్లతోనే, రక్తం అంటిన చేతులతో ఆపరేషన్ చేస్తుంటారు. 1889 నాటి ‘ఆగ్న్యూ క్లినిక్’లో అందరూ తెల్లని దుస్తుల్లో ఉంటారు. నడుమ గడిచింది 14 ఏళ్లు. తెలుపు మీద మురికి దాగదు, అందుకే తెలుపు శుభ్రతకు సాక్ష్యమైంది. గోడలు, నేల, దుప్పట్లు, గౌన్లు అన్నీ తెల్లనివయ్యాయి. విద్యుద్దీపాలు తోడయ్యాక ఆ సాక్ష్యం సర్జన్ కంటికే శిక్షగా మారింది. ఎర్రని గాయంలోకి చూసి తలెత్తితే తెల్లగోడ కళ్లు మిరుమిట్లు గొలిపేది. మళ్లీ గాయంలోకి చూసేసరికి సన్నని వివరాలు కనిపించేవి కావు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని సెయింట్ లూక్స్ ఆసుపత్రి సర్జన్ హ్యారీ షెర్మన్ ఈ బాధను శాస్త్రీయంగా విచారించాడు. రక్తపు ఎరుపుకు పూరకమైన రంగు ఆకుపచ్చ. ఎరుపును చూసి చూసి అలసిన కంటికి తెల్లని తలం మీద ఆకుపచ్చ మరకలు తేలియాడుతూ కనిపిస్తాయి. తలమే ఆకుపచ్చదైతే ఆ మరకలు అందులో కలిసిపోతాయి, కన్ను సేదదీరుతుంది. తన ఆపరేషన్ గది నేలకు, గోడల కింది భాగానికి పాలకూర ఆకుపచ్చ వేయించి, 1914లో కాలిఫోర్నియా వైద్య పత్రికలో ఆ గది గురించి రాశాడు. ఈనాడు ఏ జిల్లా ఆసుపత్రి థియేటర్ ముందు నిలబడ్డా కనిపించే ఆకుపచ్చ గౌన్లకూ దుప్పట్లకూ మూలం ఈ ఆలోచనే. షెర్మన్ చేసిన మేలు ఒక గదికే పరిమితం కాలేదు. ఆపరేషన్ గదిలో రంగు కంటికి పనిముట్టు కాగలదని, దాన్ని కొలిచి, కారణం చూపి ఎంచుకోవచ్చని ఆయన నిరూపించాడు.

గోడలు ఆకుపచ్చనయ్యాక కూడా చేతిలోని పరికరం అద్దంలా మెరుస్తూనే ఉంది. శుభ్రంగా కనిపిస్తుందని, మృదువైన తలం మీద మురికి నిలవదని అద్దపు మెరుగుకు మొదట్లో గిరాకీ ఉండేది. తర్వాత తయారీదారులు సన్నని గాజుపూసలతో తలాన్ని గరుకుచేసి మసకమెరుపు పరికరాలు తెచ్చారు. పైలైటు వెలుగుకు అది చాలింది. మైక్రోస్కోపు వచ్చాక చాలలేదు. 1921లో స్టాక్‌హోమ్ చెవి వైద్యుడు కార్ల్ నీలెన్ ఆపరేషన్‌కు మైక్రోస్కోపు వాడాడు. 1953లో జైస్ కంపెనీ ఆపరేషన్ మైక్రోస్కోపు మార్కెట్లోకి వచ్చాక కంటి, చెవి, మెదడు శస్త్రచికిత్సల తీరే మారింది. అందులో వెలుగు, చూపు దాదాపు ఒకే దారిలో ప్రయాణిస్తాయి. పరికరం మొన మీద పడిన కాంతి తిన్నగా సర్జన్ కంట్లోకి తిరిగొస్తుంది, అదీ పదింతలు పెద్దదై. వెంట్రుక కంటే సన్నని దారాన్ని ముడివేస్తున్నప్పుడు ఒక తెల్లని మెరుపు దారాన్ని మింగేస్తే జరిగే నష్టం ఊహించుకోవచ్చు. ఇక్కడ నీలి టైటానియం, నల్లపూత పరికరాలు చేసే సేవ ప్రత్యక్షమైనది. ఉక్కుకంటే టైటానియం తేలిక, అయస్కాంతానికి లొంగదు. ముదురు నీలం తలం వెలుగును తక్కువగా వెనక్కి పంపుతుంది. ఎర్రని, గులాబీ రంగు కణజాలం మధ్య నీలం ఇట్టే విడిగా తెలుస్తుంది.

రెండో చిక్కు పోలిక. ఒక పెద్ద ఆపరేషన్‌కు ట్రేలలో వంద దాటే పరికరాలు ఉంటాయి. అన్నీ ఒకే ఉక్కు, ఒకే ఛాయ. రెండు కత్తెరలు పక్కపక్కన పెడితే ఒకదాని విలువ మరోదానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు, చూపుకు తేడా తెలియదు. 1920ల్లో జర్మనీలో పుట్టిన టంగ్‌స్టన్ కార్బైడ్ అనే అతికఠిన పదార్థాన్ని యంత్రాల కటింగ్ పనిముట్ల నుంచి శస్త్రపరికరాల్లోకి తెచ్చి, నీడిల్ హోల్డర్ల దవడల్లో, కత్తెర అంచుల్లో పలకలుగా అమర్చారు. ఇవి సూదిని జారనివ్వవు, పదును చాలాకాలం నిలుపుకుంటాయి. వాటిని గుర్తించడానికి వేలు పెట్టే ఉంగరాలకు బంగారు పూత వేయడం ఆనవాయితీ అయింది. ఒక అలుగును రేజర్‌లా సాన పెట్టిన కత్తెరలకు నల్ల ఉంగరాలు వచ్చాయి. రెండు గుణాలూ ఉన్నవాటికి ఒక ఉంగరం బంగారు రంగు, మరొకటి నలుపు. చాలా కంపెనీలు పాటించే ఈ సంకేతం వల్ల కలిగే లాభం స్క్రబ్ నర్సుకు బాగా తెలుసు. కణజాలం విడదీయడానికి ఉద్దేశించిన సన్నని కత్తెరతో దారం కోస్తే, కట్టుగుడ్డ కోస్తే దాని పదును పోతుంది. పదును పోయిన కత్తెర తర్వాతి రోగిలో కణజాలాన్ని కోయదు, నలుపుతుంది. బంగారు ఉంగరం ఆ చేతిని ఆపుతుంది. కడిగేచోట, సర్దేచోట, మరమ్మతుకు పంపేచోట కూడా ఆ రంగే దాన్ని వేరు చేస్తుంది. మాస్కులు కట్టుకుని, చేతులు ఖాళీ లేక, చదివే తీరిక లేక, సైగలతో నడిచే గదిలో అక్షరం కంటే రంగు త్వరగా అందుతుంది. పరికరం మీద చెక్కిన నంబరు చదవాలంటే దాన్ని తిప్పి వెలుగులో పట్టాలి. రంగుకు ఆ పని లేదు.

లేజర్ సంగతి మాత్రం కాస్త ఆగి చూడాల్సింది. బారామతిలో పుట్టి అమెరికాలోని బెల్ లేబరేటరీస్‌లో పనిచేసిన కుమార్ పటేల్ 1964లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కనుగొన్నాడు. 1970ల తొలినాళ్లలో బోస్టన్‌లో స్ట్రాంగ్, జాకో స్వరపేటిక శస్త్రచికిత్సకు దాన్ని వాడారు. గొంతులో దించిన నిగనిగలాడే ఉక్కు పరికరానికి ఈ కిరణం తగిలితే దారి మళ్లి, ఆరోగ్యంగా ఉన్న కణజాలాన్నో, రోగి శ్వాసగొట్టాన్నో, గదిలో ఉన్నవాళ్ల కళ్లనో కాల్చగలదు. అందుకని లేజర్ పరికరాలకు నల్లపూత వచ్చింది. నలుపు కాబట్టి కిరణాన్ని పీల్చేస్తుందని చాలామంది అనుకుంటారు. పూతల గొప్ప చెప్పే ప్రకటనలు కూడా అలాగే చెబుతాయి. ఇందులో సగమే నిజం. ఈ లేజర్ కిరణం తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు, మన కంటికి కనిపించే వెలుగుకంటే పదిహేను రెట్లకు పైగా పొడవు. మన కంటికి నల్లగా ఉన్నది ఆ కిరణానికి నల్లగానే ఉండాలని లేదు. అసలు రక్షణ తలం గరుకుదనంలో ఉంది. గరుకు తలం కిరణాన్ని చెదరగొట్టి బలహీనం చేస్తుంది, నున్నని తలం గురిచూసి కొట్టినట్టు పంపుతుంది. పైగా కిరణాన్ని నిజంగా పీల్చే పూత ఉంటే పరికరం వేడెక్కి, తాకిన చోట కాలుస్తుంది. రంగుపూతల పక్షాన వాదించేవాళ్లు ఈ తేడాను దాచకూడదు. నలుపు ఇక్కడ చేసే పని ఇది లేజర్ పరికరం అని చెప్పడం, కనిపించే వెలుగు మెరుపును తగ్గించడం. కిరణాన్ని ఆపే పని దాని కింది గరుకుదనానిది.

ఇన్ని సేవలు చేసే రంగు ఆవిరిలో ఎలా నిలుస్తున్నట్టు? ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వద్ద 15 నిమిషాలు, లేదా 134 డిగ్రీల వద్ద 3 నిమిషాలు, అదీ ఏడాదికి వందలసార్లు. మామూలు పెయింట్ దీనికి ఆగదు. టైటానియం మీది నీలానికి అసలు రంగుపదార్థమే లేదు. ద్రావణంలో ముంచి విద్యుత్తు పంపితే లోహం మీద దాని ఆక్సైడ్ పొర పెరుగుతుంది. వోల్టేజీ పెంచే కొద్దీ పొర మందమై, రంగు మారుతుంది: కంచు రంగు, నీలం, పసుపు, గులాబీ, ఆకుపచ్చ. వానకు తడిసిన రోడ్డు మీద పెట్రోలు చుక్క పరుచుకుని ఇంద్రధనుస్సు చూపించడానికి కారణమేదో ఇక్కడా అదే: పొర పైతలం నుంచీ కిందితలం నుంచీ తిరిగొచ్చే కాంతులు కలిసి కొన్ని రంగుల్ని బలపరుస్తాయి, కొన్నిటిని రద్దు చేస్తాయి. కొలిమి దగ్గర కమ్మరి ఉక్కు మీద చూసిన గడ్డిరంగు, నీలం కూడా ఈ సూత్రంతో పుట్టినవే. ఎముకల ఆపరేషన్లలో వాడే టైటానియం స్క్రూలకు వ్యాసాన్ని బట్టి రంగులు ఇవ్వడం ఈ పద్ధతితోనే సాధ్యమైంది. శరీరంలో ఏళ్ల తరబడి ఉండే వస్తువు మీద రసాయన రంగు పూయాల్సిన అవసరం లేకపోయింది. ఇక ఉక్కు మీద బంగారు రంగుకు మరో దారి టైటానియం నైట్రైడ్. శూన్యపు గదిలో ఆవిరైన టైటానియం నైట్రోజన్‌తో కలిసి పరికరం మీద రెండు మూడు మైక్రాన్ల మందాన కూర్చుంటుంది. దాని కాఠిన్యం ఉక్కుకు రెండు మూడు రెట్లు. నికెల్ కాలంలో పూత పరికరానికి బలహీనత. ఇక్కడ పూతే దాని బలం.

అయినా అభ్యంతరాలు ఉన్నాయి, కొన్ని గట్టివే. పూత రాలదా అన్నది మొదటిది. కొన్ని రాలుతాయి. పరికరాల పిడికి చుట్టే రంగు టేపు అంచులు లేచి, కింద మురికి చేరి, ముక్క గాయంలో పడే అవకాశం ఉంది. చవకని పట్టుకుని దాన్ని వెనకేసుకురావడం నాకు సమ్మతం కాదు. రంగు అద్దిన అల్యూమినియం పెట్టెలు క్షారగుణం ఎక్కువైన సబ్బుద్రావణాల్లో వెలిసిపోతాయి. కాబట్టి రంగు మంచిదా కాదా అన్న ప్రశ్నకంటే అది ఎలా పుట్టిందన్నదే అడగాల్సిన ప్రశ్న. రెండోది, రంగు కనిపించనివాళ్ల సంగతి. యూరప్ సంతతి మగవాళ్లలో సుమారు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. మన దేశంలో ఈ లోపం తక్కువైనా లేకపోలేదు. ఇందుకు పరిష్కారం రంగుల ఎంపికలో ఉంది. బంగారు రంగు, నలుపు, ఉక్కుతెలుపు ఒకదానితో మరొకటి వెలుగునీడల తేడాతోనే తెలిసిపోతాయి. ఎరుపు, ఆకుపచ్చలను జంటగా సంకేతం చేసిన పద్ధతి మాత్రం మొదటినుంచీ లోపభూయిష్టమే. మూడోది, అలవాటు బద్ధకాన్ని పెంచుతుందన్న భయం. ఆటోక్లేవ్ టేపు మీద చారలు నల్లబడితే ప్యాకెట్టు లోపలిదంతా శుద్ధి అయిందని నమ్మేవాళ్లున్నారు. ఆ చార చెప్పేది ఆ ప్యాకెట్టు వేడిని చూసిందని మాత్రమే. లోపలి పరికరం కీళ్లలోకి ఆవిరి చేరిందని కాదు. రంగు ఎంతవరకు చెబుతుందో అంతవరకే వినాలని నేర్పడం శిక్షణలో భాగం కావాలి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం నాలుగోది: అందరికీ ఒక్కటే సంకేతం లేదు. నర్సులకు నిత్యం ఎదురయ్యే ఉదాహరణ తీసుకుందాం. 18 గేజ్ ఐవీ క్యాన్యులా ఆకుపచ్చ. అదే 18 గేజ్ ఇంజెక్షన్ సూదికి గులాబీ. గులాబీ రంగు క్యాన్యులా 20 గేజ్. రెండూ అంతర్జాతీయంగా ఒప్పుకున్న పద్ధతులే, ఒకదానితో ఒకటి పొసగవు. మత్తు వాయువుల సిలిండర్ల చరిత్ర ఇంకా చేదు పాఠం. ఆక్సిజన్ సిలిండర్ అమెరికాలో ఆకుపచ్చ; బ్రిటిష్ పద్ధతిని అనుసరించిన మన దగ్గర నల్లని ఒళ్లు, తెల్లని భుజాలు. ఒక దేశంలో నేర్చుకున్న కన్ను మరో దేశంలో మోసపోతుంది. అందుకే 1952లో అమెరికాలో పిన్ ఇండెక్స్ పద్ధతి వచ్చింది: ఆక్సిజన్ సిలిండర్ మూతిమీద 2, 5 స్థానాల్లో రంధ్రాలు, నైట్రస్ ఆక్సైడ్‌కు 3, 5 స్థానాల్లో. తప్పు సిలిండర్ బిగించబోతే అది కూర్చోనే కూర్చోదు. ఈ ఉదాహరణ చూపి రంగు పనికిరానిదని తేల్చేవాళ్లతో నేను ఏకీభవించను. పిన్ను వచ్చాక ఎవరూ సిలిండర్లను రంగు లేకుండా వదిలెయ్యలేదు. గోదాములో దూరం నుంచి ఏరడానికి రంగు, బిగించేటప్పుడు తప్పును అడ్డుకోవడానికి పిన్ను, రెండూ ఉన్నాయి. సుశ్రుతుడి సింహముఖం, కాకముఖం చేసిన పనే పిన్ను చేసింది. శస్త్రపరికరాల విషయంలోనూ ఆకారం, చెక్కిన నంబరు ముందు సాక్షులు, రంగు త్వరగా పలికే తోడుసాక్షి. ఒక ఆసుపత్రి రెండు మూడు కంపెనీల పరికరాలు కొన్నప్పుడు వాటి రంగుల అర్థాలు కలుస్తున్నాయో లేదో కొనేముందే చూసుకోవాలి. తయారీదారులంతా ఒక మాట మీదికి రావడానికి సిలిండర్ల మాదిరి ప్రాణాలు పోయేదాకా ఆగనక్కర్లేదు.

ధర మాట కూడా వస్తుంది. బీద ఆసుపత్రికి ఇవి భారం కావా? టైటానియం సెట్టు నిజంగానే ఖరీదు, మైక్రోస్కోపు కింద పని లేనిచోట దాని అవసరమూ లేదు. అలంకారంగా వేసిన రంగుకు డబ్బు పెట్టడం వృథా. ఏది అలంకారమో తేల్చడానికి అడగాల్సింది ఒక్కటే: ఆ రంగును తీసేస్తే ఎవరి చెయ్యి తడబడుతుంది, ఎవరి కన్ను అలసిపోతుంది? జవాబు దొరకకపోతే ఆ పూత అక్కర్లేదు. జవాబు దొరికే ఉదాహరణల్లో లాప్రోస్కోపీ పరికరాల తొడుగు ముఖ్యమైనది. 1926 అక్టోబర్ 1న బోస్టన్‌లో విలియం బోవీ తయారుచేసిన విద్యుత్ యంత్రాన్ని హార్వీ కుషింగ్ తల ఆపరేషన్‌లో వాడినప్పటి నుంచి కరెంటుతో కోయడం, రక్తం ఆపడం సర్జన్ దినచర్య అయింది. కడుపులోకి దించే పొడవాటి పరికరాలకు కరెంటు బయటికి పోకుండా ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. ఆ తొడుగులో కంటికి ఆనని చీలిక ఉంటే, సర్జన్ చూపు పరికరం మొన మీద ఉన్నప్పుడు దానికి పైన ఎక్కడో పేగు కాలుతుంది. కాలిన సంగతి కొన్ని రోజుల తర్వాత జ్వరం, కడుపునొప్పి రూపంలో బయటపడుతుంది. దీనికి విరుగుడుగా కొన్ని పరికరాలకు రెండు పొరల తొడుగు ఇచ్చారు: పైన నలుపు, లోపల పసుపు లాంటి కొట్టొచ్చినట్టు కనిపించే రంగు. పైపొర తెగితే లోపలి రంగు బయటపడుతుంది. దాన్ని చూడాల్సింది ఆపరేషన్ టేబుల్ దగ్గర సర్జన్ కాదు. ముందే, సింక్ దగ్గర, పరికరాన్ని కడిగి తుడిచి వెలుగులో తిప్పి చూసే స్టెరిలైజేషన్ విభాగం ఉద్యోగి. ఆ పసుపు గీత కనబడగానే పరికరాన్ని పక్కన పెట్టే అధికారం ఆ ఉద్యోగికి ఉండాలి, పెట్టినందుకు ఎవరూ విసుక్కోకూడదు.